బావిలో పెట్రోలు వాసన: శుద్ధికి సరే, ఆ సంతకం వద్దు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. ఇంటి పక్కనే పెట్రోలు బంకు ఉంది. వినాయక చవితి వెళ్లాక మా బావి నీళ్లకు పెట్రోలు వాసన మొదలైంది. వీధిలో ఇంకో రెండు బావులదీ ఇదే పరిస్థితి. భూమిలోని ట్యాంకు కారిందని బంకు యజమాని ఒప్పుకున్నారు. సూక్ష్మజీవులు, ఎరువులు వేసి నేలను, నీటిని శుద్ధి చేయిస్తామంటున్నారు. అందుకు ముందుగా కొంత డబ్బు తీసుకుని, ఇకపై ఏ హక్కూ కోరబోమని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. సంక్రాంతి కూడా దాటిపోయింది. పార్వతీపురంలో నీళ్లు పరీక్ష చేయిస్తే తాగవచ్చనే వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: సంతకం చేయకండి. శుద్ధికి మాత్రం అడ్డుపడకండి. ఈ రెండింటినీ ఒకే కాగితంలో ముడిపెట్టడంలోనే మీకు నష్టం ఉంది.

అన్నిటికంటే ముందు ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం ఆపండి. పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. నీళ్లు మరిగిస్తే అది ఆవిరై మీ వంటగది గాలిలోనే కలుస్తుంది. బావిలో ఆవిరి నిలిచి ఉండవచ్చు కాబట్టి దగ్గరకు దీపం, నిప్పు తీసుకెళ్లకండి. మీకు వచ్చిన పరీక్ష ఫలితాన్ని నమ్మి కూర్చోవద్దు. మామూలు పరీక్షల్లో ఉప్పు శాతం, కాఠిన్యం, క్రిములు చూస్తారు, పెట్రోలు జాడ వెతకరు. బెంజీన్, టోలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ పరీక్షలు కావాలని పేరు పెట్టి అడగాలి. నమూనాను గాజు సీసాలో గాలి మిగలకుండా అంచు వరకు నింపి, చల్లగా ఉంచి పంపాలి.

సూక్ష్మజీవులతో శుద్ధి బూటకం కాదు. నేలలో సహజంగా ఉండే కొన్ని బ్యాక్టీరియా పెట్రోలులో ఉండే హైడ్రోకార్బన్లను ఆహారంగా తీసుకుంటాయి. నత్రజని, భాస్వరం, ఆక్సిజన్ చాలకపోతే వాటి పని మందగిస్తుంది. వాటిని అందించడమే ఈ పద్ధతి. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నూనె ఒలికినప్పుడు ఎరువులు చల్లి ఇదే పని చేశారు. మన దేశంలో టెరి అనే పరిశోధన సంస్థ 'ఆయిల్ జాపర్' పేరుతో ఇలాంటి బ్యాక్టీరియా మిశ్రమాన్ని తయారు చేసింది.

అయితే పని వరుసలో జరగాలి. ముందు కారే ట్యాంకును ఖాళీ చేయాలి. పెట్రోలు నీటి కంటే తేలిక కనుక భూగర్భ జలం మీద పొరగా తేలుతుంది, ఆ పొరను తోడేయాలి. నీటిలో కరిగే ఆక్సిజన్ చాలా తక్కువ కాబట్టి లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉండాలి. ఇవేవీ లేకుండా బస్తాడు ఎరువు కుమ్మరిస్తే మీ బావికి రెండో కాలుష్యం, అంటే ఎరువు నుంచి వచ్చే నైట్రేటు, తోడవుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. అందుకే శుద్ధికి ముందు, మధ్యలో, తర్వాత పెట్రోలు పదార్థాలతో పాటు నైట్రేటు పరీక్షా రాతపూర్వకంగా కోరండి. వాడే జీవులు సహజమైనవా, జన్యుమార్పిడి చేసినవా అన్నదీ అడగండి. రెండో రకమైతే జన్యుమార్పిడి జీవులపై 1989 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర అనుమతి లేకుండా నేలలోకి వదలకూడదు.

ఇక చట్టం. 1974 నాటి జల చట్టం 24వ సెక్షన్ బావుల్లోకి తెలిసీ కాలుష్యం చేరనివ్వడాన్ని నిషేధిస్తుంది, భూగర్భ జలాలకూ ఆ చట్టం వర్తిస్తుంది. రాయగడలోని ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, నకలు కలెక్టరుకు, ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పార్వతీపురం మీకు ఎంత దగ్గరైనా ఆంధ్ర మండలికి ఇక్కడ అధికారం లేదు. 2025 జూలైలో వచ్చిన కలుషిత స్థలాల నిబంధనల కింద పరిశీలన జరపమని అందులోనే కోరండి. మూడు బావులు చెడ్డాయి కాబట్టి గుణుపురం సబ్ కలెక్టరు ముందు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ప్రజా ఉపద్రవం (పబ్లిక్ న్యూసెన్స్) పిటిషను కూడా వేయవచ్చు.

పరిహారం, నేల పునరుద్ధరణ కోసం వెళ్లవలసింది కోల్‌కతాలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసుల న్యాయస్థానం) బెంచికి. కలుషితం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టం 20వ సెక్షన్ తప్పనిసరి చేసింది. 15వ సెక్షన్ కింద పరిహారానికి 5 ఏళ్ల గడువు ఉంది. కాలుష్యం ఆపించే ఆదేశాల కోసం 14వ సెక్షన్ కింద వెళితే 6 నెలలే, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. మీ గడువు చవితి నాటి నుంచే నడుస్తోంది, ఈ నెలలోనే కదలండి. బంకు యజమానినీ, ఆయనకు ఇంధనం సరఫరా చేసే కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. అది ప్రభుత్వ రంగ సంస్థ అయితే ట్యాంకు పరీక్షల నివేదికలు, రోజువారీ నిల్వల లెక్కలు సమాచార హక్కు కింద అడగవచ్చు. ఎంత పెట్రోలు కారిందో తేల్చేవి ఆ లెక్కలే.

ఆ స్టాంపు కాగితం సంగతి. కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కానీ జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ముట్టిందని రాసిచ్చి డబ్బు తీసుకుంటే, రేపు అదే మీ మీద సాక్ష్యమవుతుంది. అందుకని శుద్ధి పనికి మాత్రమే విడిగా అనుమతి పత్రం ఇవ్వండి. మండలి పర్యవేక్షణలో జరగాలని, బావి బాగయ్యే వరకు తాగునీరు వారే సరఫరా చేయాలని, పరిహారం హక్కు మీకే ఉందని అందులో రాయించండి. ఖర్చుకు వెనకాడుతుంటే రాయగడ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. మీ ఇంట్లో బావి ఎవరి పేరున ఉందో చూసుకుని, ఆ పేరుతోనే దరఖాస్తు పెట్టండి.