1860లలో ‘కార్ట్ ద విజిట్’ అనే చిన్న కార్డు ఫోటోలు అంత చవగ్గా ఎలా వచ్చాయి? పాత కార్డు ఏ కాలానిదో ఎలా చెప్పాలి?

చవకంతా ఫోటో తీసే గాజు పలక పొదుపులోనే ఉంది. పారిస్ ఫోటోగ్రాఫర్ డిస్డెరి 1854లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో ఒకే గాజు నెగెటివ్ మీద చిన్న బొమ్మలు చాలా పడతాయి. తర్వాత బాగా వాడుకలోకి వచ్చినది నాలుగు లెన్సుల కెమెరా. పలకలో సగం మీద నాలుగు, పక్కకి జరిపి మిగతా సగం మీద నాలుగు. అంతకుముందున్న డాగెరోటైపులో ఒక రేకుకి ఒక్కటే బొమ్మ, దాన్నుంచి ప్రింట్లు వేసే వీల్లేదు.

పని మాత్రం చాకిరీయే. గాజు మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి డెవలప్ చెయ్యాలి. చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే, ఎండలు మండితే అదీ ఉండదు. ప్రింటు వేసే కాగితానికైతే గుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి గిలక్కొట్టి, తేరుకున్నాక దాని మీద కాగితాన్ని తేలించి ఆరబెడతారు. మళ్ళీ వెండి ద్రావణం మీద తేలించి, ఆరాక నెగెటివ్‌కి ఆనించి ఎండలో పెడితే బొమ్మ దానంతటదే నల్లబడుతుంది. ఆపైన బంగారు క్లోరైడుతో టోనింగ్ (రంగు సరిచెయ్యడం), హైపో (బొమ్మని నిలబెట్టే ద్రావణం), కడుగుడు. ఒక్కసారి చేస్తే ఎనిమిదీ తయారు! కాగితం పల్చన, వదిలేస్తే చుట్టుకుపోతుంది. అందుకే అట్టకి అంటించడం. కడుగుడు దగ్గర తొందరపడితే మిగిలిన హైపోలోని గంధకం వెండిని పాడుచేస్తుంది, బొమ్మ పసుపెక్కి వెలిసిపోతుంది.

అసలు వ్యాపారం ఆల్బంతో మొదలైంది. కొలత అన్నిచోట్లా దాదాపు ఒకటే కాబట్టి అచ్చుగా సరిపోయే అరలతో ఆల్బములు వచ్చాయి. కొన్నాక ఖాళీ అర చూస్తూ ఊరుకోలేరుగా! 1860లో లండన్‌లో ఫోటోగ్రాఫర్ మేయాల్ రాణి విక్టోరియా కుటుంబం కార్డులు అమ్మకానికి పెట్టాక, చుట్టాల పక్కనే రాజులూ నటీమణులూ చేరారు. అమెరికాలో బానిసత్వాన్ని ఎదిరించిన సోజర్నర్ ట్రూత్ తన కార్డులు తానే అమ్ముకుని ఖర్చులు వెళ్ళదీసుకుంది.

ఇక గుర్తుపట్టడం. అట్ట సుమారు 64×100 మి.మీ. ఉంటే కార్ట్ ద విజిటే. 108×165 ఉంటే 1860ల చివర్లో ఊపందుకున్న, ఇంకా పెద్దదైన క్యాబినెట్ కార్డు. పల్చని అట్ట, పదునైన మూలలు ఉంటే తొలినాళ్ళది, మందం, గుండ్రని మూలలు తర్వాతివి. అమెరికా కార్డు వెనక పన్ను స్టాంపు ఉంటే 1864 సెప్టెంబరుకీ 1866 ఆగస్టుకీ మధ్యది, ఇంత కచ్చితమైన ఆధారం మరోటి దొరకదు. భూతద్దంలో కాగితపు పీచు కనబడాలి. చుక్కలు కనబడితే అది అచ్చు యంత్రం మీద తర్వాత వేసిన నకలు. ఫోటోని అట్ట నుంచి మాత్రం ఊడదియ్యకండి, వెనకున్న స్టూడియో పేరు, చిరునామా కూడా కాలం తేల్చే ఆధారాలే.