యువజన సంఘం తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. ఆరు నెలలుగా ట్యూషన్ కాగానే ఊళ్లోని యువజన సంఘం గదికి వెళ్లి, రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరుతున్నాడు. వాలీబాల్, క్యారమ్స్ ఆడుతున్నామంటాడు. కానీ ఆ గదిలో కూర్చునేవారిలో ఎక్కువమంది పాతికేళ్లు దాటినవాళ్లు. వినాయక చవితి చందాలకు కూడా మావాణ్ణి ఇంటింటికీ తిప్పారు. మానిపించెయ్యమని మావారు అంటున్నారు. మానిపిస్తే ఫోను పట్టుకుని మూల కూర్చుంటాడేమోనని నా బెంగ. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ఇప్పుడే మానిపించకండి. ఒక సాయంత్రం మీరిద్దరూ కబురు చెయ్యకుండా ఆ గదికి వెళ్లి, ఓ అరగంట కూర్చుని రండి. గదిలో ఏం జరుగుతోందో, మీరు గుమ్మంలో కనబడగానే ఏది ఆగిపోయిందో మీకే తెలుస్తుంది.

మీరు చెప్పిన చిక్కు మీ ఊరికే పరిమితమైనది కాదు. 2003 నాటి జాతీయ యువజన విధానం 13 నుంచి 35 ఏళ్లవారిని యువత అంది. 2014లో వచ్చిన విధానం దాన్ని 15 నుంచి 29కి కుదించింది. కుదించినా, మీసం మొలుస్తున్న కుర్రవాడూ, పెళ్లయి బిడ్డను ఎత్తుకున్న మనిషీ ఒకే సంఘంలో సభ్యులు కావచ్చన్నమాట. ఈ కలయిక మంచిదే కావచ్చు. ఎందుకంటే తల్లిదండ్రులూ కాక, మార్కులు వేసే మాష్టారూ కాక, తనకంటే నాలుగేళ్లు ముందు నడిచిన ఒక అన్న చెప్పే మాటను ఆ వయసు పిల్లలు చెవిన పెట్టినంతగా ఇంకెవరి మాటనూ పెట్టరు. ఆ అన్న ఎలాంటివాడన్నదే అసలు విషయం. పిల్లవాడిచేత నెట్ కట్టించి, ఆట నేర్పి, ఏడున్నరకల్లా ఇంటికి పొమ్మనేవాడైతే అతను మీ ఇంటికి ఒక ఆస్తి. సిగరెట్లు తెమ్మని దుకాణానికి తరిమేవాడైతే, లేదా ఎన్నికలప్పుడు జెండా చేతికిచ్చి బండి ఎక్కించేవాడైతే, అది సంఘమన్న పేరు పెట్టుకున్న రచ్చబండే. 18 ఏళ్లలోపు వారికి మద్యం గానీ పొగాకు గానీ అందించినవారికి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఈ సంగతిని ఆ గది గోడ మీద రాయించమని అడగండి. ఎవరు ఇబ్బంది పడతారో గమనించండి.

చందాల మాట. పిల్లవాణ్ణి తిప్పడం నాకు తప్పుగా తోచలేదు. నలుగురి గుమ్మాలు ఎక్కి వినయంగా అడగడం, ఇవ్వనివారి మీద కోపం తెచ్చుకోకుండా తిరిగి రావడం కూడా ఒక చదువే. కానీ వసూలైన డబ్బు ఎంత, మండపానికి ఎంత, మైకుకు ఎంత, మిగిలింది ఎంత అన్న లెక్క మీవాడికి తెలుసా? తెలియకపోతే వచ్చే ఏడు చందా పుస్తకం కాదు, జమాఖర్చుల పుస్తకం తనకివ్వమని అడగమనండి. నిమజ్జనం మర్నాడు ఆ లెక్కను పంచాయతీ బోర్డు మీద అంటించిన కుర్రవాడు ఊళ్లో తలెత్తుకు తిరుగుతాడు.

ఫోను సంగతిలో మీ బెంగ సరైనదే. 5 నుంచి 17 ఏళ్లవారు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పదో తరగతి పిల్లలకు బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల మాష్టారికి అప్పగించే మన రోజుల్లో, ఆ గంట దొరికేది సంఘం ముందున్న ఖాళీ స్థలంలోనే. కనుక వెళ్లే వేళ, వచ్చే వేళ మీరు నిర్ణయించి పంపండి.

ప్రశ్న: నేను పంచాయతీ వార్డు సభ్యుణ్ణి. మా ఊళ్లో యువజన సంఘానికి ఒక గది ఉంది. పండగలకు తప్ప దాని తాళం తియ్యరు. పిల్లల కోసం దాన్ని మళ్లీ నడిపించాలని ఉంది. రిజిస్ట్రేషన్ అవసరమా? ప్రభుత్వం నుంచి సాయం దొరుకుతుందా? – నల్గొండ జిల్లా పాఠకుడు

జవాబు: రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టకండి, తాళంతో మొదలుపెట్టండి. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు, వారానికి ఆరు రోజులు, ఎవరు వచ్చినా రాకపోయినా గది తెరిచి ఉండాలి. తాళంచెవి సర్పంచి ఇంట్లో ఉన్న సంఘానికి పిల్లలు రారు, అడగడానికి మొహమాటపడతారు. రోజుకు ఒకరి చొప్పున పదిహేను, పదహారేళ్ల పిల్లల చేతికే ఆ చెవి ఇచ్చి, తెరిచిన వేళ, మూసిన వేళ ఒక రిజిస్టర్‌లో రాయించండి. బాధ్యత గల ఒక పెద్దమనిషి ఆ రెండు గంటలూ అక్కడే, కనుచూపు మేరలో ఉండాలి. రెండు బంతులు, ఒక నెట్, ఒక క్యారమ్ బోర్డు, దినపత్రిక: తొలి మూడు నెలలకు ఇవి చాలు.

గది నిలదొక్కుకున్నాక రిజిస్ట్రేషన్ చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ, బ్యాంకు ఖాతాలో సంతకాలు పెట్టేవారూ 18 ఏళ్లు నిండినవారై ఉండేలా చూసుకుని, చిన్నవారికి విడిగా ఒక కమిటీ ఏర్పరచి, ఏ ఆట సామాను కొనాలో వారినే తేల్చనివ్వండి.

సాయం విషయానికి వస్తే, 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు చాలాకాలం గ్రామాల యువజన సంఘాలకు అండగా నిలిచాయి. 2023 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం ‘మేరా యువ భారత్’ అనే యువజన సంస్థను ప్రారంభించింది, అందులో యువత ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే ఎక్కడినుంచో కిట్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్న సంఘాలు నాకు చాలా తెలుసు. కిట్ వచ్చిన రోజు తీసిన ఫొటో గోడకు ఉంటుంది, బంతి మాత్రం ఉండదు. మీ ఊరి ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను ఉంది కదా. జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టి, ఆ గదిలో ఒక పుస్తక కేంద్రం అడగండి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టినవారూ, 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పినవారూ ముందు పని మొదలుపెట్టినవారే.

ప్రశ్న: నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరి సంఘంలో అందరూ అబ్బాయిలే. మేం ఆరుగురం అమ్మాయిలం వాలీబాల్ ఆడతామంటే, పెద్దవాళ్లు ‘సంఘం గదికి మీరెందుకు’ అంటున్నారు. – ఒక విద్యార్థిని, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ‘మమ్మల్నీ రానివ్వండి’ అని అడిగితే కాదనడం సులువు. దానికి బదులు ‘మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు మైదానం మాది’ అని రాసి, ఆరుగురి సంతకాలతో పంచాయతీకి ఇవ్వండి. కూడా మీ అమ్మగారినో, అంగన్‌వాడీ టీచరు గారినో, ఆ వేళ అక్కడ కూర్చోగల ఇద్దరు ఆడవారిని ముందే ఒప్పించుకోండి; పెద్దలు వెయ్యబోయే మొదటి ప్రశ్నకు అదే జవాబు. గదికి మరుగుదొడ్డి లేకపోతే అర్జీలో మొదటి వాక్యం దాని గురించే ఉండాలి, వాలీబాల్ గురించి కాదు. ఆటస్థలంలో ఎవరైనా వేధిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యవచ్చు. ఆ నంబరును మీ ఆరుగురితో పాటు, మీ తర్వాత ఆడటానికి వచ్చే చిన్నపిల్లలకూ కంఠస్థం చేయించండి.