రైలెక్కే ముందు క్యూలో నిలబడ్డారు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయ్, నీ కథ అందింది. 1938లో ఆస్ట్రియా రాజధాని వియన్నా వదిలిపోయే యూదు కుటుంబం గురించి రాయాలని నీకు తోచడం బాగుంది. కానీ నీ వాళ్లు అర్ధరాత్రి మూటాముల్లె సర్దుకుని, దీపాలార్పి, దొంగచాటుగా రైలెక్కేశారు. అలా వెళ్లినవాళ్లు లేరనను. ఎక్కువమంది మాత్రం పట్టపగలు, నెలల తరబడి ఆఫీసుల ముందు నిలబడి వెళ్లారు. నువ్వు ఆ నెలలన్నీ ఒక్క పేరాలో దాటేసి స్టేషనుకి పరిగెత్తావు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. ఆగస్టులో నాజీ అధికారి ఐక్‌మన్, రోత్‌షిల్డ్ అనే ధనిక యూదు కుటుంబం దగ్గర లాక్కున్న మేడలో యూదుల వలస కోసం ఒక ఆఫీసు తెరిచాడు. అన్ని శాఖల బల్లలూ ఒకే కప్పు కింద. ఇల్లూ దుకాణమూ ఉన్న మనిషి ఒక తలుపులోంచి లోపలికెళ్లి, బల్ల బల్లకీ ఒక్కోటి వదులుకుంటూ, చేతిలో పాస్‌పోర్టుతో, ఫలానా గడువులోగా వెళ్లిపోవాలన్న హుకుంతో బయటికొచ్చేవాడు. ఆ అక్టోబరు నుంచి పాస్‌పోర్టు మీద యూదులని తెలిపే ఎర్రటి 'జె' ముద్ర కూడా.

దేశం విడిచేవాడి ఆస్తిలో పాతిక శాతం పన్ను. ఇది నాజీలు కనిపెట్టింది కాదు. డబ్బు బయటికి పోకుండా 1931లోనే జర్మనీలో పెట్టిన చట్టం. వీళ్లు దాన్ని యూదుల మీదికి తిప్పారు. చివరికి జేబులో పది జర్మన్ మార్కుల డబ్బు మిగిలేది. పన్ను బాకీ లేదన్న కాగితం, పోలీసుల కాగితం, వీసా, ఓడ టికెట్టు... ఆఖరిది చేతికొచ్చేసరికి మొదటిదానికి గడువు తీరిపోయేది. మళ్లీ మొదలు.

సామాన్లకు జాబితా రాసివ్వాలి. జర్మనీలోనైతే 1933కి ముందు కొన్నవి, తర్వాత కొన్నవి, ప్రయాణం కోసం కొత్తగా కొన్నవి విడివిడిగా చూపించాలి. 1939 ఫిబ్రవరిలో వెండి బంగారాలు అప్పగించమన్నారు. పెళ్లి ఉంగరం ఉంచుకోవచ్చు. మనిషికి రెండు జతల వెండి కత్తి, ఫోర్కు, చెంచాలు ఉంచుకోవచ్చు. నీ కథలో తల్లి మూడుచోట్ల ఏడ్చింది. ఆ మూడూ కొట్టేసి, ఆమె చేత చెంచాలు లెక్కపెట్టించు.

తండ్రిని లాయరన్నావు, మంచిదే. వియన్నా యూదు సంఘం ఇలాంటివాళ్లకు పరాయి దేశంలో పొట్టపోసుకునే పనులు నేర్పించింది: వంట, చెప్పులు కుట్టడం లాంటివి. ఇంగ్లండు ఇంటిపని చేసేవాళ్లకు పర్మిట్లిచ్చింది. దాదాపు 20,000 మంది ఆడవాళ్లు అలా బయటపడ్డారు. వాళ్లలో చాలామంది ఇంట్లో అంతకుముందు పనిమనిషి ఉండేది! మా పిల్లాణ్ణి ఎవరైనా పెంచుకోండని మాంచెస్టర్ గార్డియన్ అనే ఇంగ్లీషు పత్రికలో ప్రకటనలిచ్చిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ నాలుగు పంక్తుల్లో కొడుకు గురించి ఏం రాస్తారు, ఏం వదిలేస్తారు? దాని మీద ఒక రోజంతా కూర్చో.

ఇక అమెరికా. జర్మనీ, ఆస్ట్రియా రెంటికీ కలిపి ఏడాదికి 27,370 మందినే రానిస్తామంది. వీసా టెన్షన్ మన ఇళ్లలో తెలియనిది కాదు, అది నీకు పనికొస్తుంది. కానీ జాగ్రత్త: మనవాడు వీసా రాకపోతే ఇంటికొచ్చి భోంచేస్తాడు. 1938 జులైలో ఫ్రాన్సులోని ఏవియాన్‌లో ఈ శరణార్థుల గురించి 32 దేశాలు సమావేశమై జాలిపడి లేచిపోయాయి. చాలామందికి వీసా అడగని షాంఘైయే దిక్కయింది.

మన పాఠకుడికి దగ్గరగా ఉంటుందని ఆ కుటుంబాన్ని చివర్లో బెజవాడ తీసుకొచ్చావు. ఎందుకమ్మా? నిజమైన లంకె కావాలంటే ఆకాశవాణి పొద్దుటి బాణీ ఉంది. దాన్ని కూర్చింది 1934లో ప్రాగ్ నుంచి బొంబాయి వచ్చిన యూదు సంగీతకారుడు వాల్టర్ కాఫ్‌మన్ అంటారు. అది వేరే కథ, ఇంకెప్పుడైనా రాయి.

ఒకటి మాత్రం వదలను. రెండో పేజీలో ఉన్న అమ్మమ్మ ఐదో పేజీకి లేదు. వయసులో ఉన్నవాళ్లకే ఎలాగోలా పర్మిట్లు దొరికాయి. ముసలివాళ్లు ఎక్కువగా వెనకే ఉండిపోయారు. 1941 అక్టోబరులో వలస దారే మూసేశారు. ఆమెను తీసుకెళ్లలేమని ఆ ఇంట్లో ఎవరికి ముందు తెలిసింది? ఆమెతో ఎవరు చెప్పారు? అది తేల్చుకున్నాకే మళ్లీ రాయి. టైపు చేసి పంపు, నీ చేతిరాత నా కళ్లకు ఆనడం లేదు.