వాన తగ్గిందని బీచ్‌కెళ్తే కాళ్ళనిండా దద్దుర్లు

ప్రశ్న: మాది నెల్లూరండీ, పెళ్ళయ్యాక చెన్నై వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొన్న వాయుగుండానికి నాలుగు రోజులు ఇల్లు కదల్లేదు, ఐదో రోజు ఎండ కాసేసరికి పిల్లలు ప్రాణం తీశారు, సరే అని సాయంత్రం బెసెంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్ళాం. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, అక్కడక్కడా నురగ. మోకాలి లోతే దిగారు, కాసేపు నురగ చల్లుకుని ఆడారు. మర్నాటికి చిన్నాడికి కాళ్ళనిండా దద్దుర్లు, పెద్దదానికి చెవిపోటు. మా అత్తయ్యగారేమో ఉప్పునీళ్ళలో క్రిములు బతకవు, ఇదంతా బీచ్‌లో తిన్న బజ్జీల వల్లే అంటున్నారు. అక్కడ బోర్డూ లేదు, వద్దన్నవాళ్ళూ లేరు. నిజంగా నీళ్ళదే తప్పా? మళ్ళీ ఎన్నాళ్ళకి వెళ్ళొచ్చు?
– ఒక పాఠకురాలు, అశోక్ నగర్

జవాబు: ముందు పిల్లల్ని డాక్టర్‌కి చూపించండమ్మా. చూపించేటప్పుడు వానల తర్వాత సముద్రంలో ఆడారని మీరే చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. దద్దుర్లు, చెవిపోటు మామూలుగా తగ్గిపోయేవే. కానీ రాబోయే మూడు నాలుగు వారాల్లో ఎవరికైనా జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్ళు ఎర్రబడటం లాంటివి వస్తే మాత్రం పారాసిటమాల్ వేసి ఊరుకోవద్దు, ఎలుక జ్వరం అనుమానం ఉంటుంది. వరదనీళ్ళలో ఎలుకల మూత్రం కలుస్తుంది కదా, కాలికి చిన్న గీత ఉన్నా చాలు దానికి. ఇక బజ్జీలంటారా, బజ్జీ తింటే కడుపు చెడాలి గానీ తడిసిన కాళ్ళకే దద్దుర్లెలా వస్తాయండీ! నాకు నీళ్ళ మీదే అనుమానం.

ఇప్పుడు మీరు నిలబడ్డ చోటు చూద్దాం. ఆ బీచ్‌కి ఉత్తరం కొసన విరిగిన వంతెన ఉంది చూశారా, అదే అడయారు మొగ, అంటే అడయారు నది సముద్రంలో కలిసే చోటు. మామూలు రోజుల్లో అక్కడ ఇసుక మేట వేసి మొగ సగం మూసుకుపోయే ఉంటుంది, నల్లటి నీళ్ళు లోపలే కుళ్ళుతుంటాయి. పెద్ద వాన పడగానే మేటకి గండి పడుతుంది, లేదా జేసీబీ పెట్టి అధికారులే కొడతారు, అన్నాళ్ళూ నిలవున్న మురుగంతా ఒక్క ఊపున సముద్రంలోకి. పైగా మన ఊళ్ళో వాననీళ్ళ కాలవలు వేరు, డ్రైనేజీ పైపులు వేరు. కోయంబేడు, పెరుంగుడి లాంటి చోట్ల ఉన్న శుద్ధి ప్లాంట్లకి వెళ్ళేది డ్రైనేజీ నీళ్ళే. వాన కాలవలోది ఏ శుద్ధీ లేకుండా కూవం నదిలోకో, బకింగ్‌హామ్ కెనాల్‌లోకో, అడయారులోకో, అక్కణ్ణించి సముద్రంలోకి పోవడమే, దాని డిజైనే అంత. రోడ్డు మీద కుక్కలు చేసింది, కారిన ఆయిలు, చెత్త, అన్నీ దాంట్లోనే, దొంగతనంగా దానికే కలిపేసిన ఇళ్ళ మురుగు అదనం. అందుకే చాన్నాళ్ళ తర్వాత పడే మొదటి వాన చిన్నదైనా సరే దాని నీళ్ళు మహా పాడు, అన్నాళ్ళ మురికీ కడుక్కొస్తాయి.

ఇంకోటి. ఈ ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మన తీరంలో నీళ్ళు దక్షిణం వైపు నడుస్తాయి, అంటే అడయారులోంచి వచ్చింది మెరీనా వైపు పోకుండా బెసెంట్ నగర్ మీదికొస్తుంది, కూవంది మెరీనా మీదికి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కంటే తేలిక కాబట్టి నది నీళ్ళు వెంటనే కలిసిపోకుండా పైన పొరలా పరుచుకుంటాయి, పిల్లలు తుళ్ళుతూ ఆడేది సరిగ్గా ఆ పొరలోనే.

ఉప్పుకి క్రిములు చస్తాయన్న మాట పూర్తిగా అబద్ధం కాదులెండి. కొన్ని చస్తాయి, కానీ టైం పడుతుంది, ఉప్పు కన్నా ఎక్కువ పని చేసేది ఎండ. బురదనీళ్ళలోకి ఆ ఎండ దిగదు కదా! ఎంటరోకోకస్ అని మన పేగుల్లో ఉండే బాక్టీరియా ఒకటుంది, అది ఉప్పునీళ్ళలో కూడా బాగానే బతుకుతుంది, అందుకే సముద్రంలో మురుగు కలిసిందా లేదా చూడ్డానికి చాలా దేశాల్లో దాన్నే లెక్కపెడతారు. తడి ఇసుకలో అయితే ఇంకా ఎక్కువ రోజులుంటాయి. మన దగ్గర రూల్ ఏంటంటే స్నానాలు చేసే సముద్రపు నీళ్ళలో 100 మిల్లీలీటర్లకి మల కోలిఫాం, అంటే మలంలోంచి వచ్చే బాక్టీరియా, 100 దాటకూడదు. రూల్ ఉంది, ఆ వారం అంకె ఎంతో చెప్పే బోర్డే మీరు వెళ్ళిన ఇసుకలో కనపడదు. ఒకసారి ఊరికే తెలుసుకుందామని ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను, మూడు సీట్లు తిప్పి నాలుగో ఆయన "ఎందుకు సార్, మీరు స్నానం చేస్తారా?" అన్నాడు. మెరీనాలో పోలీసులు విజిల్ వేసేది మునిగిపోతారని, నీళ్ళు పాడని కాదు. హవాయిలో గట్టి వాన పడితే ఆరోగ్యశాఖ వాళ్ళే బ్రౌన్ వాటర్ అడ్వైజరీ అని ప్రకటిస్తారు, నీళ్ళు గోధుమరంగులో ఉంటే దిగొద్దని. ల్యాబ్ రిజల్ట్‌కి ఒక రోజు పడుతుంది కాబట్టి ముందు రంగు చూసే చెప్పేస్తారన్నమాట. కాలిఫోర్నియాలో వాన తర్వాత 72 గంటలు దిగొద్దంటారు.

ఆ 72 గంటల లెక్క చెన్నైకి యథాతథంగా సరిపోదనే నేనంటాను. ఇక్కడ వాన ఆగినా చెంబరంబాక్కం చెరువు నిండితే రోజుల తరబడి నీళ్ళు వదుల్తూనే ఉంటారు, అదంతా అడయారులోకే. కాబట్టి ఆకాశం చూసి కాదు, నది చూసి లెక్కపెట్టండి. అడయారు మీదున్న తిరు వి క వంతెన మీంచి వెళ్ళేటప్పుడు కిందికి చూస్తే తెలిసిపోతుంది, ప్రవాహం ఉరకలేస్తుందా, తగ్గిందా అని. తగ్గాక ఇంకో మూడు నాలుగు రోజులు గట్టి ఎండ కాయనివ్వండి. అప్పుడు కూడా మొగ దగ్గరికి కాకుండా దూరంగా వెళ్ళండి.

నేను తిరువాన్మియూరులో ఉంటాను, పొద్దున్నే ఇసుకలో నడక. నాకు ల్యాబూ లేదు ఏమీ లేదు, గుర్రపుడెక్క చూస్తాను. అది మురుగు చేరిన చెరువుల్లో, నదుల్లో పెరిగేది, ఉప్పు తగిలితే చచ్చిపోతుంది. అలాంటిది ఇసుక మీద పచ్చగా, వేళ్ళతో సహా, మధ్యలో చెప్పులూ థర్మోకోలూ ఇంజెక్షన్ సీసాలూ చుట్టుకుని కుప్పలుగా పడుందంటే నది ఇక్కడిదాకా నడిచొచ్చిందనే. ఎండి నల్లబడేదాకా నేను చెప్పులు విప్పను. నురగ సంగతి కూడా అంతే, కాస్త నురగ అలకి ఎప్పుడూ ఉంటుంది, పగిలిపోతుంది. మోకాలెత్తున పేరుకుని, గాలికి ముద్దలు ముద్దలుగా ఎగురుతూ, సబ్బూ డ్రైనేజీ కలిసిన వాసనొస్తే అది వేరే. 2019 చివర్లో వానల తర్వాత చెన్నై బీచ్‌ల్లో అదే పేరుకుంటే జనం మంచు పడ్డట్టు పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీశారు.

ప్రశ్న: తుఫాను తర్వాత చేపలు తినొచ్చాండీ? మా ఇంట్లో వారం నుంచి ఇదే గొడవ.
– ఇంకో పాఠకుడు, పెరంబూరు

జవాబు: వంజరం, శీలావతి అని వేరుచేసి అడగలేదు కాబట్టి మొత్తంగా చెప్తాను. లోపల సముద్రంలో పట్టింది, మొప్పలు ఎర్రగా ఉన్నది బాగా ఉడికించి తినండి, పర్లేదు. మొగల దగ్గర ఏరిన ఆల్చిప్పలు మాత్రం వద్దు, అవి నీళ్ళని వడగట్టుకునే తింటాయి, మురుగంతా వాటి పొట్టలోనే. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానప్పుడు ఎన్నూరు క్రీక్‌లో జరిగినట్టు చమురు కలిస్తే ఉడికించినా లాభం లేదు, ఆ వాసనొస్తే బేరం కూడా ఆడకండి.