ఓడకంటే ముందు ఒడ్డు గురించి రాయి

చిక్కడపల్లి, హైదరాబాద్

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ల్యాండింగ్ షిప్‌ల గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకెంతో సంతోషం. యుద్ధనౌక అంటే మనవాళ్లకు ఫిరంగులు, క్షిపణులే గుర్తొస్తాయి. ట్యాంకుల్ని, లారీల్ని, జవాన్లను మోసుకెళ్లి ఇసుకలో దించి వచ్చే ఓడను పట్టించుకునేవాళ్లు తక్కువ. అయితే మొదటి పేజీ నిండా పొడవు, వెడల్పు, బరువు, వేగం పేర్చుకుంటూ పోయావు. ఏ అంకె ఎందుకలా ఉందో చెప్పలేదు కాబట్టి ఒక్కటీ నా మనసులో నిలవలేదు.

ఆ కారణం నీకు ఒడ్డున దొరుకుతుంది. అడుగు నేలకు తగలడమంటే ఏ ఓడ కెప్టెన్‌కైనా గుండె ఆగినంత పని. ఈ ఓడ మాత్రం కావాలనే వెళ్లి ఇసుక మీద ఆనాలి. మహాసముద్రం దాటేటప్పుడు అలలకు తట్టుకోవాలంటే నీళ్లలో లోతుగా కూర్చోవాలి, ఒడ్డుకు చేరాలంటే పైపైన తేలాలి. ఈ రెండింటికీ పొసగదు. 1941 నవంబరులో అమెరికా నౌకాదళ డిజైనర్ జాన్ నీడర్‌మయర్ గీసిన ఎల్‌ఎస్‌టీ (ల్యాండింగ్ షిప్ ట్యాంక్, అంటే యుద్ధట్యాంకుల్ని ఒడ్డున దించే ఓడ) చిత్తుబొమ్మ ఈ చిక్కును విప్పింది. సముద్రంలో ఓడ అడుగున ఉండే బ్యాలస్ట్ ట్యాంకులు, అంటే బరువు కోసం పెట్టిన తొట్లు, నీళ్లతో నింపి ఓడను బరువెక్కిస్తారు, తీరం దగ్గర పడ్డాక ఆ నీళ్లు తోడేస్తారు. యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున లోతు పెరిగే తీరాన్ని దృష్టిలో పెట్టుకున్నారు. అందుకే వంద మీటర్ల ఆ ఓడ ఒడ్డుకు వచ్చేసరికి ముందుభాగం కంటే వెనకభాగం సుమారు రెండు మీటర్లు ఎక్కువ లోతులో ఉంటుంది. ఇలా చెబితే ఆ రెండు మీటర్లు పాఠకుడు మర్చిపోడు.

ఒడ్డుకు వెళ్లడం కంటే వెనక్కి రావడం కష్టం. నీ వ్యాసంలో నేను వెతికింది, దొరకనిది అదే. తీరం ఇంకా కొంత దూరం ఉండగానే ఓడ వెనక నుంచి లంగరు వదులుతారు. ఓడ ముందుకు పోతుంటే దాని తాడు వెనక సాగుతూ ఉంటుంది. సరుకు దిగాక ఇంజన్లు వెనక్కి తిప్పుతూ, ఆ తాడును వించ్‌తో (తాడు చుట్టే యంత్రంతో) లాగుతూ ఇసుకలోంచి బయటపడతారు. ఈలోగా సముద్రం ఆటు తీసి నీళ్లు వెనక్కి పోయాయంటే మళ్లీ పోటు వచ్చేదాకా కదల్లేరు. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన చాలా ఎల్‌ఎస్‌టీలను కావాలనే అలా ఆరబెట్టి, పొడి ఇసుక మీదికి బండ్లు దించారు. అడుగు చదునుగా ఉండబట్టే ఓడ పక్కకు ఒరగలేదు. నడిసముద్రంలో విపరీతంగా ఊగడానికీ ఆ చదును అడుగే కారణం. మెచ్చుకున్న చోటే దానివల్ల వచ్చే ఇబ్బంది కూడా రాయి.

లోపలి మనుషుల్ని మరవకు. మూసి ఉన్న డెక్‌లో ట్యాంకులన్నీ ఒక్కసారి స్టార్ట్ చేస్తే ఆ పొగ ఎటు పోవాలి? అది తేల్చుకోవడానికి 1942లో సముద్రానికి ఎంతో దూరాన, కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో, ఎల్‌ఎస్‌టీ ట్యాంక్ డెక్ నమూనాలో ఒక భవనమే కట్టారు. మన నౌకాదళపు ల్యాండింగ్ షిప్ ఐఎన్‌ఎస్ జలాశ్వలో 2008 ఫిబ్రవరిలో విషవాయువు లీకై నావికులు చనిపోయారు. ఓడ కడుపులో గాలి ఎంత పెద్ద విషయమో చెప్పకుండా ఈ ఓడల కథ పూర్తి కాదు.

సముద్రం లేని ఊళ్లో ఉండి ఇవన్నీ రాయొచ్చా అని అడిగావు. నిక్షేపంగా రాయొచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఎల్‌ఎస్‌టీలను ఎక్కువగా కట్టింది నదీతీరపు ఊళ్లలోనే. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఎవాన్స్‌విల్‌లో కట్టినవే 167. అవి నదిలోనే సాగి సముద్రం చేరాయి. ఇక నీళ్ల మీద బరువు ఎంత ప్రమాదమో మన ఊరికి బాగా తెలుసు. 1990 మార్చిలో హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం బార్జ్ (సరుకు మోసే చదును పడవ) మీదనుంచి నీళ్లలోకి జారిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో గానీ దాన్ని పైకి తీయలేకపోయారు. బార్జ్ మీద బరువు జరిగితే ఏమవుతుందో అక్కడ మొదలుపెట్టు, హైదరాబాదీ పాఠకుడు వెంటనే నీ వెంట వస్తాడు.

జలాశ్వకు ఒక పేరా చాలదు. 1971లో అమెరికా నౌకాదళంలో ట్రెంటన్ పేరుతో చేరి, 2007లో మనదైంది, విశాఖ దాని స్థావరం. అది ఒడ్డెక్కదు. వెనకభాగంలోని వెల్ డెక్ అనే పెద్ద గదిలోకి తానే నీళ్లు రానిచ్చి, లోపలున్న ల్యాండింగ్ క్రాఫ్ట్‌లను, అంటే ఒడ్డెక్కే చిన్న పడవలను, తేల్చి బయటికి పంపుతుంది. అంటే ఇసుకకు ఆనే పని వాటికి అప్పగించింది. 2020 మే నెలలో, కరోనా టెన్షన్ మధ్య, మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మందిని కొచ్చి చేర్చింది ఈ ఓడే. ట్యాంకుల కోసం, సైన్యం కోసం ఉంచిన ఖాళీ జనానికి పనికొచ్చింది. నువ్వు దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశావు. కనీసం ఒక పేజీ ఇవ్వు.

నేవీ డే వేడుకల్లో విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రదర్శన ఎప్పుడు పెట్టినా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకుని వెళ్లు. ల్యాండింగ్ క్రాఫ్ట్ వస్తే ర్యాంప్ (ఒడ్డుకు దించే వాలుబల్ల) దిగే జవాన్లకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, బండి చక్రాలు ఎంత మునిగాయో అక్కడికక్కడే రాసుకో. ఈలోగా మొదటి పేజీ తిరగరాసి పంపు. ఆ లంగరు తాడుతోనే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ అన్న