చలికి ఆగిపోయే ఫోన్: అసలు టెన్షన్ బ్యాటరీ కాదు

ప్రశ్న: చలికాలంలో రెండు రోజులు ఒక నగరం చవగ్గా చుట్టేసి, రాత్రికి రైలెక్కాలి. రైల్లోనే రోజున్నర. పోయినసారి బయట తిరుగుతుంటే 30 శాతం ఛార్జింగ్ ఉండగానే ఫోన్ ఆగిపోయింది. టికెట్, డబ్బులు, గది బుకింగ్ అన్నీ అందులోనే. బ్యాటరీ మార్చాలా, పెద్ద పవర్ బ్యాంక్ కొనాలా?

జవాబు: చలి మొదలైతే చాలు, ఈ ప్రశ్న వరసపెట్టి వస్తుంది. చలికి లిథియం అయాన్ బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి వోల్టేజి పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. ఛార్జింగ్ ఎక్కడికీ పోదు, వెచ్చబడితే మళ్లీ కనిపిస్తుంది. మామూలు వాతావరణంలోనూ ఇలాగే అవుతుంటేనే బ్యాటరీ మార్చండి. బయట ఉన్నంతసేపూ ఫోన్ లోపలి జేబులో ఉంచండి. సున్నా డిగ్రీల కంటే చల్లబడ్డ ఫోన్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెడితే బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్‌ది చాలు, కాకపోతే ఫోన్‌కి చేరేది అందులో మూడింట రెండు వంతులే అనుకోండి.

నా భయం వేరే. ఆగిపోయిన ఫోన్ మళ్లీ ఆన్ అయ్యాక మొదటిసారి వేలిముద్ర ఒప్పుకోదు, పిన్ కొట్టమంటుంది. అది కాకపోయినా చేతికి గ్లౌజులు, మొహానికి మఫ్లరు. గ్లౌజు తీసినా చలికి పొడిబారిన వేలిని సెన్సర్ ఒక్కోసారి గుర్తుపట్టదు. దాంతో స్టేషన్ రద్దీలో, భుజం మీద బ్యాగుతో, అందరి ముందూ నాలుగంకెల పిన్ కొడతాం. వెనకున్నవాడు అది చూసి, తర్వాత ఫోన్ కొట్టేస్తే? చాలా ఫోన్లలో ఆ పిన్ ఒక్కటుంటే అకౌంట్ పాస్‌వర్డ్ మార్చేయొచ్చు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు చూసేయొచ్చు, ఫోన్ ఎక్కడుందో వెతికే సదుపాయాన్ని ఆపేయొచ్చు. ఇన్ని తాళాలకి ఒకే చెవి పెట్టిన డిజైనర్లని ఏమనాలి? 2024 నుంచి కొత్త సాఫ్ట్‌వేర్లలో దొంగతనం నుంచి కాపాడే సెట్టింగులు వస్తున్నాయి. ముఖ్యమైన మార్పులకి పిన్ చాలదు, మొహమో వేలిముద్రో కావాలంటాయి. చాలా ఫోన్లలో వాటిని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి!

కాబట్టి బయల్దేరే ముందే, ఇంట్లోనే ఆ సెట్టింగ్ ఆన్ చేయండి. నాలుగంకెల పిన్ బదులు అంకెలతో పాటు అక్షరాలూ కలిపిన పాస్‌వర్డ్ పెట్టండి. బ్యాంకు యాప్‌కి ఫోన్ పిన్నే పెట్టొద్దు. లాక్ స్క్రీన్ మీద మెసేజీలు కనిపించకుండా చేయండి, లేకపోతే ఓటీపీలు దొంగకి తాళం తీయకుండానే అందుతాయి. సిమ్‌కీ పిన్ పెట్టండి. లేదంటే మీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు. ఈ సిమ్ పిన్ మూడుసార్లు తప్పు కొడితే పీయూకే నంబరు (సిమ్ తాళం తీసే కోడ్) అడుగుతుంది, ఆ నంబరు ముందే కాగితం మీద రాసుకోండి.

ఇక టికెట్ యాప్‌లు. నెట్ లేకపోతే టికెట్ చూపించని యాప్ ఎవరి కోసం చేసినట్టు? సరిగ్గా ప్లాట్‌ఫారం మీదే అప్‌డేట్ అడుగుతుంది, అయ్యాక మళ్లీ లాగిన్ అంటుంది, ఓటీపీ పంపానంటుంది. సిగ్నల్ ఉండదు. వీటిని తయారుచేసేవాళ్లు ఆఫీసు వైఫై దాటి బయటికొచ్చి ఒక్కసారైనా పరీక్షించారా అని నా అనుమానం. బయల్దేరే ముందురోజే అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, ఆటో అప్‌డేట్ ఆపేయండి. టికెట్ పీడీఎఫ్ ఫోన్‌లో దాచుకోండి, ఒక ప్రింటూ ఇంటి దగ్గరే తీసుకోండి. చవక బసలో అందరూ వాడే కంప్యూటర్లో మీ మెయిల్ తెరిచి ప్రింట్ తీయొద్దు, లాగౌట్ మర్చిపోయేది అక్కడే.

రైల్లో సాకెట్‌కి పవర్ బ్యాంక్‌ని తగిలించండి. ఫోన్‌ని మాత్రం అక్కడ వేలాడదీసి నిద్రపోకండి.