బండి కబుర్లు: మట్టిదారంటే టెన్షన్

ప్రశ్న: ఆఫీసు వాళ్లం ఆరుగురం ఈ శని, ఆదివారాలు అనంతగిరి కొండలకు బైకుల మీద వెళ్తున్నాం. నాది ఎక్స్‌పల్స్ 200. తారురోడ్డు అలవాటే, మట్టిదారంటేనే టెన్షన్. ఏం చూసుకోవాలి?
– ఓ పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ బండి ముందు చక్రం 21 అంగుళాలది, గుంతల్ని బాగానే దాటేస్తుంది. మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి కాస్త తగ్గించండి. టైరు నేలమీద వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి చిల్లు పడుతుంది. తారురోడ్డెక్కేటప్పుడు మళ్లీ గాలి నింపాలి, చిన్న పంపు ఒక్కరి దగ్గరైనా ఉండాలి.

గులకరాళ్ల దిగుడు వస్తే ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టండి. ఫస్ట్ గేరులోనే దిగండి, క్లచ్ నొక్కొద్దు; ఇంజనే బండిని ఆపుతూ ఉంటుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టారో, చక్రం జారిపోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే, ఖాళీ మైదానంలో ముందే సాధన చేయండి.

గుంపు సంగతి ఇంకా ముఖ్యం. దారి చీలిన ప్రతిచోటా రెండో బండి ఆగాలి, చివరి బండి కనబడేదాకా కదలకూడదు. ఆ చివరి బండి మీలో బాగా అనుభవం ఉన్నవారికే ఇవ్వండి. దుమ్ములో ముందు బండికి అతుక్కుని పోవద్దు.

అనంతగిరి మన మూసీ పుట్టిన చోటు. అడవిలోని కాలిబాటల్లోకి దయచేసి బండ్లు దింపకండి.